ఐటిసోళ్ల సంబంధం

ఆ వానకాలం మా అత్త ఇంగ్లీషు నేర్చుకుంటున్నదని ఇచ్చోడ ఊరంతా నవ్వింది. అంగట్లో మిరపకాయలమ్మే ముసలమ్మ నుంచి బస్సు క్లీనరు దాకా అందరి నోటా దేవవ్వ ముచ్చటే. నిజానికి నేర్చుకుంటున్నది ఆమె కాదు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇంట్లో ముగ్గురం. ఆ ముగ్గురిలో ఒకాయన తనకేమీ తెలియనట్టే ఉండేవాడు.

ఆయన మా మామ భూమన్న, సర్కారు దవాఖానలో కంపౌండరు. నిజాం కాలంలో ఉర్దూలో చదివి, పట్నంలో పని నేర్చుకుని వచ్చినవాడు. తెల్ల లాల్చీ, నల్ల టోపీ. దవాఖానకు డాక్టర్లు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. కంపౌండరు సాబు మాత్రం ఉండేవాడు. గోండు గూడేల నుంచి బండి కట్టుకుని వచ్చినవాళ్లు డాక్టరు ముందర నాలుక చాపినా, మందు మాత్రం మా మామ చేతి మీదుగా అందితేనే నమ్మేవాళ్లు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన రెండో ఏడు, మృగశిర కార్తె పెట్టి మిరుగు జల్లులు పడుతున్న రోజుల్లో పై నుంచి తాకీదు వచ్చింది. ఉర్దూలో చదివిన కంపౌండర్లు దసరా తర్వాత ఆదిలాబాదుకు పోయి ఇంగ్లీషులో పరీక్ష రాయాలి. రోగాల పేర్లు చదివి, అవేమిటో చెప్పాలి. తప్పితే ఉద్యోగం పోదు. అంతకంటే కష్టమైనదే జరుగుతుంది: వార్డు బాయిగా దించుతారు. తన కుర్చీలో కొత్తవాడెవడో కూర్చుంటే, అదే గదిలో ఆయన చీపురు పట్టాలి.

కొత్త డాక్టరు గోదావరి జిల్లా మనిషి, మంచివాడే. "నా చేతుల్లో ఏమీ లేదండీ భూమన్న గారూ. సీసాల మీద కూడా ఇక ఇంగ్లీషు చీటీలే ఉండాలంటున్నారు" అన్నాడట.

ఆ సాయంత్రం మామ, తను ముత్యాల్లాంటి ఉర్దూ అక్షరాలతో రాసి సీసాలకు అంటించిన పాత చీటీలను తడిపి, చిరగకుండా ఊడదీసి, రుమాలులో కట్టుకుని ఇంటికి తెచ్చాడు. వసారాలో ఒక్కొక్కటే పరిచి ఆరబెడుతుంటే అత్త చూసింది.

"అవెందుకు తెచ్చినవ్?"

"నా చేతిరాత. మోరీల వారెయ్యమంటవా?"

అత్త కూడా కూర్చుని రెండు చీటీలు పరిచింది. కొంతసేపయ్యాక వంటింట్లో ఉన్న నా వైపు చూసి, ఆయనతో అన్నది: "కోడలు మెట్రిక్ దాక ఇంగ్లీషు సదివింది గద. నేర్పుతది."

"ఏందే? నెరిసిన మీసాలు వెట్టుకొని పోరి తాన ఓనమాలు దిద్దన్నా? ఊరు నవ్వదా?"

నేను చొప్పదండి నుంచి ఆ ఎండాకాలమే కోడలినై వచ్చాను. మా ఆయన ఆదిలాబాదులో జిన్నింగు మిల్లు గుమాస్తా, వారానికోసారి వచ్చేవాడు. కోడలు మామ ఎదుట కూర్చోకూడదు, ఎదురుపడి మాట్లాడకూడదు. నీళ్ల చెంబైనా గడప మీద పెట్టి పక్కకు తప్పుకోవాలి. అప్పటిదాకా ఆయనా నేనూ నేరుగా ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"నిన్నెందుకు నవ్వుతది ఊరు?" అన్నది అత్త. "నేర్సుకునేది నేను."

"నువ్వా?"

"అవ్. నాకు నేర్సుకో బుద్ధయింది. నువ్వు మంచంల పండుకో. చెవులు మూసుకుంటవో తెర్సుకుంటవో నీ ఇష్టం. నాకేం ఫికర్ లేదు."

మామ తువ్వాలు మొహం మీద కప్పుకుని గోడవైపు తిరిగాడు. ఒప్పుకోవడమంటే ఆయనకదే.

మర్నాటి నుంచి, పొద్దు వాలి మామ దవాఖాన నుంచి రాగానే చదువు మొదలయ్యేది. వంటింటి గోడకు ఆనుకుని నేను, వసారాలో మంచం మీద మామ, నడుమ గడప మీద అత్త. నేను మెల్లగా చెప్పేదాన్ని. అంగట్లో వంకాయల ధర చెప్పినంత గట్టిగా అత్త దాన్ని వసారాలోకి పలికేది.

మొదట్లో మాట చెప్పి అర్థం చెప్పి, ఇంకో మాట చెప్పి అర్థం చెప్పి, అలా పోయాను. నిలవలేదు. ఇవాళ నేర్చుకున్నది రేపటికి ఆవిరి. ఒక సాయంత్రం తువ్వాలు కింద నుంచి మామ గొంతు వచ్చింది. ఇంటి దూలంతో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"గీ భాషకు అవ్వ లేదు, బాపు లేడు. ఒక్కొక్క మాట ఒక్కొక్క దిక్కులేనిది. ఎన్నింటినని సాదుతం?"

నాకప్పుడు కరీంనగర్‌లో మాకు ఇంగ్లీషు చెప్పిన ఖుర్షీద్ టీచరమ్మ గుర్తుకొచ్చింది. ఆమె మాటలను కుట్లు విప్పినట్టు విప్పి చూపించేది. గ్రీకు, లాటిన్ అని రెండు పాత భాషలున్నాయనీ, వాటి వేర్ల నుంచి ఇంగ్లీషులో సగం మాటలు మొలిచాయనీ చెప్పేది.

"అత్తా, థర్మామీటర్ ఉన్నది గద. థర్మ్ అంటే వేడి, మీటర్ అంటే కొలత" అన్నాను.

"వేడిని కొలిచేది! గదేనా? మీ మామ అందరి చంకల వెట్టేది గదే గద!" అన్నది అత్త సంబరంగా. "మీటర్ ఇంకెక్కడన్న ఉన్నదా?"

"పెరిమీటర్ అని లెక్కలల్ల ఉన్నది. పెరి అంటే సుట్టు. సుట్టుకొలత."

"ఇంక?"

రోగాల్లోకి దిగాను. తోలు మంటపుడితే డెర్మటైటిస్. కడుపులో గ్యాస్ట్రైటిస్. గొంతులో గడ్డలు వాస్తే టాన్సిలైటిస్. వెనక ఐటిస్ ఉన్నదంటే ఎక్కడో వాపు, మంట ఉన్నట్టు.

అత్త కాసేపు ఆలోచించింది. "అంటే ఐటిస్ ఇంటిపేరన్నట్టు."

"ఇంటిపేరు ముందట ఉంటది గద అత్తా."

"మనకు ముందట. దొరలకు ఎనుకుంటదట. వెనుకట అడవి బంగ్లల దిగిన జంగ్లాత్ తెల్లదొర ఇంటిపేరు ఎనుకనే ఉండె. మీ మామనే చెప్పిండు."

మా అత్తకు అక్షరం రాదు. కానీ చుట్టుపక్కల ఊళ్లలో ఏ సంబంధం కుదరాలన్నా ఆమెను అడిగి తీరాలి. ఎవరి ఇంటిపేరేమిటి, ఎవరెవరు పాలివాళ్లు, ఎవరింటి పిల్ల ఎవరింటికి పోయింది, అన్నీ ఆమె నోటి మీదే ఉండేవి. ఆ సాయంత్రం ఇంగ్లీషు భాషను పట్టుకుపోయి అందులో కలిపేసింది. ఐటిసోళ్లు, మీటరోళ్లు, చూపు పని చేసే స్కోపోళ్లు, మాట చివర 'లజీ' అని ఉండే, చదువుకున్న లాజోళ్లు. థర్మామీటర్ సంగతి ఒక్క ముక్కలో తేల్చింది: "థర్మోళ్ల పిల్లను మీటరోళ్లకిచ్చిండ్రు. గంతే!"

పక్క మీద మామ భుజాలు కదిలాయి. నవ్వాడో దగ్గాడో.

తర్వాత ఒక వాన రోజు. పెంకుల మీద చప్పుడుకు అత్త గొంతు కూడా చాలక అరుస్తోంది. ఉన్నట్టుండి మామ తువ్వాలు తీసేశాడు.

"కితాబ్, కాతిబ్, మక్తబ్, మక్తూబ్" అన్నాడు దూలంతో.

"ఏందది?" అన్నది అత్త.

"మౌల్వీ సాబు నేర్పిండు. కితాబంటే పుస్తకం. కాతిబంటే రాసెటోడు. మక్తబంటే బడి. మక్తూబంటే ఉత్తరం. అన్నిట్ల క, త, బ. రాసుడన్నట్టు. అరబ్బీల ఏ మాటకైనా గిట్ల ఒక మాద్దా ఉంటది, మొదలు. ఇంగ్లీషుకు గూడ ఖాందానున్నదని ఎవ్వడన్న జర ముందుగాల చెప్తే ఏమాయె!" కొంచెం ఆగి, అత్త వైపు తిరిగి, "అడుగు కోడల్ని. ఆక్వా ఎవలింటిది?" అన్నాడు.

అంత స్పష్టంగా వినిపించిన దాన్ని అత్త మళ్లీ నాకు వినిపించింది. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

"లాటిన్ అత్తా. నీళ్లు."

"నీళ్లని నాకెరుకే. ఆక్వా సీసల నీళ్లే ఉంటయి. రోజు డాక్టరు చీటీల మీద చదువుత గద, బి.డి. అంటే రెండు పూటలు, టి.డి.ఎస్. అంటే మూడు పూటలు. అవి ఎవలింటియో అడుగు."

ఆ పొట్టి అక్షరాల సంగతి నాకు తెలియదు. తెలిసినంత చెప్పాను. "అవి గూడ లాటినే కావచ్చత్తా. బై అంటే రెండు, బైసికిల్ ఉన్నది గద. ట్రై అంటే మూడు."

మామ మంచంలో లేచి కూర్చున్నాడు. "అంటే గీ లాటిన్‌తోని ఇన్నేండ్ల సంది సంసారం చేస్తున్ననా నేను!" అన్నాడు.

"నాకు చెప్పకుంటనా?" అన్నది అత్త.

ఆ వాన చప్పుడులో ముగ్గురం నవ్వాం. తువ్వాలు మళ్లీ ఆయన మొహం మీదికి పోలేదు. కానీ ఇంటి బయట మాత్రం విద్యార్థి అత్తే.

అత్త చదువు సంగతి బయటికి పొక్కిన తీరు చెప్పాలి. మా గోడ పక్కిల్లు కొమురవ్వది. ఆమెకు పెళ్లికెదిగిన కొడుకున్నాడు. ఒక పొద్దున పొట్టి సొరకాయ ఒకటి చంకన పెట్టుకుని వచ్చి కూర్చున్నది.

"దేవక్కా, దాపరికమెందుకే? రోజు పొద్దుగూకంగ సంబంధాలు మాట్లాడుతున్నవ్. గోడ అవుతల నాకు ఇనవడుతనే ఉన్నది. గా ఐటిసోళ్లు ఏ ఊరోళ్లు?"

నేను పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చున్నాను. అత్త మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"శాన దూరపోళ్లు."

"మనోళ్లేనా?"

"కారు. గ్రీకోళ్లు."

"అంటే మరాఠోళ్లల్ల ఒక తెగనా?"

"ఇంక అవుతల."

"పెద్ద కుటుంబమే అనుకుంట. మస్తు పేర్లు చెప్తున్నవ్. ఆస్తున్నదా?"

"ఆస్తి సంగతి ఎరుక లేదు గని, ఇంటినిండ రోగాలు. ఒకలికి గొంతు, ఒకలికి కడుపు, ఒకలికి తోలు."

కొమురవ్వ రెండు బుగ్గలూ పట్టుకున్నది. "అవ్వా! మా పోరనికొద్దు తల్లీ."

"వద్దు. నేనే చెప్తున్న. ఐటిసోళ్ల సంబంధం మనకొద్దు."

సొరకాయ మాకే ఇచ్చి పోయింది పాపం. కానీ ఊరుకోలేదు. బడి పంతులును పట్టుకుని, ఐటిసోళ్లు ఎక్కడివాళ్లని అడిగింది. ఆయన నాలుగు పేర్లు విని పొట్ట పట్టుకుని నవ్వి, అవి మనుషులు కావు, ఇంగ్లీషు రోగాలని చెప్పాడు. ఇక ఆగుతుందా! దేవవ్వ ఇంగ్లీషు నేర్చుకుంటున్నదని ఆ పూటకే ఊరు చుట్టింది.

చేదబావి దగ్గర ఆడవాళ్లు "గుడ్ మార్నింగ్ దొరసానీ" అని మొదలుపెట్టారు. "మీ ఐటిసోళ్లు మంచిగున్నరా?" అని అడిగేవాళ్లు. అత్త ప్రతి మాటకూ ఒక మాట అప్పజెప్పి, తనూ నవ్వి, బిందె ఎత్తుకుని వచ్చేది. ఒకరోజు మాత్రం బిందె దించి, కుదురు మీద పెట్టకుండా, దాని పక్కనే చతికిలబడింది.

"నీకు సిగ్గు కాదా అత్తా?" అన్నాను.

"కాకుంటేంది? అయితది. చెప్పుకొస్తనా?" కొంగుతో మెడ తుడుచుకున్నది. "ఆయన టోపీ కిందవడకుంటే సాలు బిడ్డా."

వాకిట్లో మామ కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. ఆ ఖాళీ చెంబు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

తర్వాతి అంగడి రోజు అత్తా నేనూ మామకు అన్నం పట్టుకుని దవాఖానకు పోయాం. వసారా నిండా జనం. చలిజ్వరాల కాలం, కంబళ్లు కప్పుకున్నవాళ్లు, పిల్లలను చంకనేసుకున్నవాళ్లు. మందులిచ్చే కిటికీ లోపల మామ, సీసాలో అరకు మందు పోసి, ఎంతెంత తాగాలో గుర్తు కోసం కత్తిరించిన కాగితం పట్టీ అంటిస్తున్నాడు. ఎదురుగా చాయ్ హోటలు పెట్టుకున్న అంజన్న ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ మమ్మల్ని చూశాడు. అంజన్న మెల్లగా మాట్లాడితే అది అంజన్న కాదు.

"ఏం దేవక్కా! ఇంగ్లీషు ఎందాక వచ్చింది? మా భూమన్న చీపురు వట్టంగనే నువ్వు గా కుర్చీల కూసుంటవా?"

వసారా అంతా నవ్వింది. జ్వరమున్నవాళ్లు కూడా నవ్వారు.

"కూసుంట" అన్నది అత్త. "కూసొని మొదటి సూది నీకే పొడుస్త. ఎక్కడ పొడుస్తనో గూడ చెప్పాల్నా?"

నవ్వు ఇంకా పెరిగింది. అత్త కూడా నవ్వుతోంది, కానీ అన్నం గిన్నె మూటను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నది.

మామ సీసా కింద పెట్టాడు.

"అంజన్నా, ఆమె నేర్సుకుంటలేదు" అన్నాడు కిటికీలోంచి. గొంతు పెంచలేదు. "నేర్సుకునేది నేను. పరీచ్చ నాది. సదువు చెప్పేది నా కోడలు. అగో, ఎనుక నిలవడ్డది సూడు, గామెనే. నా మీద వడే నవ్వులు మా ఇంటామె మోస్తున్నది, గంతే."

అందరూ నా వైపు తిరిగారు. నేను కొంగు ఇంకా కిందికి లాక్కున్నాను. ఎవరూ నవ్వలేదు. మామ సీసా మళ్లీ చేతిలోకి తీసుకుని, కిటికీ ముందున్న గోండు పెద్దమనిషితో, "ఇగో తాతా, పొద్దుమాపు, రెండు పూటలు. తిన్నంకనే" అన్నాడు.

కాసేపటికి అంజన్న మూడు చాయ్‌లు తెచ్చి కిటికీ అరుగు మీద పెట్టాడు. "చక్కెర ఎక్కువేసిన" అని గొణిగి పోయాడు. అంజన్న గొణగడం ఊరు వినడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక మామ మంచం ఎక్కలేదు. వసారాలో చాప తనే పరిచి, ఒక కొసన కూర్చున్నాడు.

"అనసూర్యా, ఇటొచ్చి కూసో అమ్మా. గక్కడి నుంచి నీ మాట సగమే ఇనవడుతుంది."

నేను అత్త వైపు చూశాను. అత్త గడప మీద నుంచి లేచి, నాకు దారి ఇచ్చి, వంటింట్లో నా చోటుకు పోయి కూర్చున్నది. ఆ రోజు నుంచి నడుమ మనిషి పని లేకపోయింది.

చదువు పరుగందుకున్నది. మామ ఆ పాత ఉర్దూ చీటీల వెనక వేర్లు రాసుకున్నాడు. కార్డి అంటే దిల్, గుండె; నెఫ్ర్ అంటే గుర్దా, మూత్రపిండం; హెమ్ అంటే ఖూన్, నెత్తురు. ఒకవైపు పోయిన కాలపు మందు పేరు, రెండోవైపు రాబోయే పరీక్ష. అత్త చిక్కుడుకాయలు ఒలుస్తూ లోపలి నుంచి వింటుండేది. ఎక్కడైనా మేం తడుముకుంటే, "లాజోళ్లది గాదా అది?" అని అందించేది. తర్వాత తర్వాత ఆ అందించడం కూడా తగ్గింది. నేను గమనించాను, పరీక్ష తొందరలో పట్టించుకోలేదు.

దసరా పోయింది, వానలు వెనకబడ్డాయి, పత్తి చేలు తెల్లబడసాగాయి. మామ ఇస్త్రీ టోపీ పెట్టుకుని ఆదిలాబాదు బస్సెక్కాడు. మర్నాడు సాయంత్రం దిగాడు. అత్త నీళ్లిచ్చింది కానీ ఏమీ అడగలేదు. ఆయనే చెప్పాడు.

"అన్ని మంచిగ పోయినయి. ఒక్కటి అడ్డం వడ్డది. ఎన్నడు సూడలే, ఇనలే. పెరికార్డైటిస్."

అది నేను చెప్పలేదు. నాకే తెలియదు.

"మరేం చేసినవ్?" అన్నది అత్త.

"ఏం చేస్త? నీ లెక్కనే ఇంటిపేరడిగిన. సూస్తే ఐటిసోళ్లదే. నడుమల కార్డి, గుండె. ముందట పెరి. పెరి ఎవలాయె అని కలం వట్టుకొని కూసున్న. గప్పుడు మీటరోళ్లు యాదికొచ్చిండ్రు. పెరిమీటర్, సుట్టుకొలత. గుండె సుట్టున్న పొరకు వాపు అని రాసిన."

అత్త నా వైపు చూసింది. నేను తల ఊపాను. అంతకంటే ఏమై ఉంటుంది!

"రోగిష్టోళ్లయితే అయినరు గని, మాటకు నిలవడ్డరు ఐటిసోళ్లు" అన్నది అత్త, ఖాళీ చెంబు అందుకుంటూ.

జొన్న కోతలప్పుడు కబురు వచ్చింది. మామ పాసయ్యాడు. గొప్ప మార్కులేమీ కావు; కుర్చీ మాత్రం కదల్లేదు. అంజన్న దవాఖాన వసారాకంతా చాయ్ పోశాడు.

మరుసటి ఎండాకాలం, మా ఆయన వచ్చినప్పుడు, మామ అన్నం తింటూ తింటూ మాట తీశాడు. "కోడలి సదువు ఆగద్దురా. కరీంనగర్ల కాలేజున్నది. తల్లిగారిల్లు పక్కకే నాయె."

"ఊరు నవ్వుతది గద బాపూ."

"నవ్వని. మీ అవ్వ ఒక వానకాలమంత మోసింది నవ్వులు. ఏమన్న అరిగిందా?"

మా ఆయన పళ్లెంలోకి చూస్తూ, "అయితే పెట్టె కొనాలె" అన్నాడు.

కాలేజీ తెరిచే ముందు నిర్మల్ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చింది అత్తే, నన్ను ముట్టనివ్వలేదు. మిరుగు మబ్బులు పట్టి ఉన్నాయి. మామ కాస్త దూరంలో బస్సు వచ్చే దిక్కు చూస్తున్నాడు.

"ఏం సదువుతవే అక్కడ?" అని అడిగింది అత్త. మామ పాఠాలు పక్కన పెడితే, పెళ్లినాటి నుంచి నన్ను ఏం వండాలనో, ఏం తేవాలనో తప్ప ఏమీ అడగని మనిషి.

"బయాలజీ అత్తా."

"లాజోళ్ల పిల్ల. ఎరుకే." వేలు గడ్డం కింద పెట్టుకున్నది. "ముందట బయో. గది నాకు చెప్పలే నువ్వు. ఏంది?"

"బతుకు."

"బతుకా?"

"అవ్. బతుకును సదువుడు."

అత్త ఆ మాటను ఇటు తిప్పి అటు తిప్పి, ఎప్పటిలాగా గట్టిగా వసారాలోకి పలకబోయినట్టు నోరు తెరిచి, మామ వైపు చూసి ఆగిపోయింది. బస్సు వచ్చి నిలిచింది. క్లీనరు పెట్టె పైకి వేశాడు. నేను ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంటే, కింద నుంచి అత్త కిటికీ చువ్వ పట్టుకున్నది.

"పండుగకొచ్చినప్పుడు నేర్సుకున్నదంత చెప్పాలె" అన్నది. "నాకే చెప్పాలె. ఈపారి నడుమల ఎవ్వలొద్దు."